ఐరోపా నగరంలో మొదటి రోజు: ఒంటరిగా దిగేవారి కోసం

ఐరోపాలో ఎన్నడూ చూడని నగరానికి ఒంటరిగా వెళ్లేవారు మొదటి రోజుకు ఒక్క లక్ష్యం పెట్టుకుంటే చాలునని నా అభిప్రాయం. సాయంత్రానికల్లా బస నుంచి నగరం నడిబొడ్డుకు వెళ్లి, ఫోను తీయకుండా, ఎవరినీ అడగకుండా తిరిగి బసకు రాగలగాలి. ఇద్దరు కలిసి వెళ్లినప్పుడు ఒకరు సామాను దగ్గర నిలబడితే మరొకరు దారి కనుక్కొని రావచ్చు. ఒకరి ఫోను ఆరిపోయినా మరొకరిది పని చేస్తుంది. ఒంటరివారికి ఆ వెసులుబాటు ఉండదు కాబట్టి, ప్రదర్శనశాలలను, కోటలను రెండో రోజుకు వాయిదా వేసి, మొదటి రోజంతా దారులు నేర్చుకోవడానికే కేటాయించడం మేలు. రోజు వృథా అయిందన్న బెంగ అక్కరలేదు. నిద్రలేమితో, చేతికి అలవాటు కాని నాణేలతో, అర్థం కాని బోర్డులతో సతమతమవుతున్న పూట ఎంత గొప్ప చిత్రపటం ముందు నిలబడినా అది మనసుకెక్కదు.

ఈ పని బయలుదేరకముందే మొదలవుతుంది. టికెట్‌పై ఉన్న విమానాశ్రయం పేరును మాత్రమే నమ్ముకోకుండా, అది పటంలో ఎక్కడ ఉందో చూసుకోవాలి. పారిస్ పేరు తగిలించుకున్న బోవే విమానాశ్రయం ఆ నగరానికి 80 కిలోమీటర్ల పైచిలుకు దూరంలో ఉంది. ఫ్రాంక్‌ఫర్ట్ పేరుతో చలామణి అయ్యే హాన్ విమానాశ్రయం దాదాపు 120 కిలోమీటర్ల దూరంలో ఉంది. ఊరి పేరును అక్కడివారు ఎలా పలుకుతారో, ఎలా రాస్తారో కూడా తెలుసుకోవాలి. వియన్నా అక్కడి బోర్డులపై వీన్‌గా, ప్రేగ్ ప్రాహాగా, ఫ్లారెన్స్ ఫిరెంజెగా కనిపిస్తాయి. ఇటాలియన్లు మ్యూనిక్‌ను కూడా మొనాకో అనే అంటారు కాబట్టి, ఇటలీలో ఎవరైనా ఆ పేరు చెప్పినప్పుడు అది సముద్రతీరంలోని బుల్లి రాజ్యమా, ఆల్ప్స్ పర్వతాలకు అవతల ఉన్న జర్మన్ నగరమా అని ఒకసారి నిర్ధారించుకోవడం మంచిది. రైలులో చేరుకునేవారు స్టేషన్ పేరును కూడా పూర్తిగా రాసిపెట్టుకోవాలి, ఎందుకంటే పారిస్‌లో ఒక్కో దిక్కుకు వెళ్లే రైళ్లకు ఒక్కో పెద్ద స్టేషన్ ఉంది. బుడాపెస్ట్‌లో తూర్పు అన్న అర్థమున్న కెలెతి స్టేషనూ, పడమర అన్న అర్థమున్న న్యుగతి స్టేషనూ డాన్యూబ్ నదికి తూర్పు ఒడ్డునే ఉన్నాయి; పేరును బట్టి దిక్కు ఊహించుకున్నవారికి అక్కడ తిప్పలు తప్పవు.

బస చిరునామాను, పిన్‌కోడ్‌తో సహా, స్థానిక భాషలో ఎలా రాస్తారో అలాగే ఒక కాగితంపై రాసి, ఫోనులో కాక చొక్కా జేబులోనో సంచీ లోపలి అరలోనో ఉంచుకోవాలి. దాని కిందనే బసవారి ఫోను నంబరు, దిగవలసిన స్టేషన్ లేదా స్టాపు పేరు, అక్కడి నుంచి నడవవలసిన రెండు మూడు మలుపులు కూడా రాసుకోవాలి. నగర పటాన్ని ఇంటర్నెట్ లేకపోయినా తెరుచుకునేలా ముందే ఫోనులో దింపుకోవాలి. వీలైతే పగటి వెలుగు ఉన్న వేళకు చేరేలా టికెట్ తీసుకోవాలి. అయితే ఆ వేళ ఋతువును బట్టి, ఊరిని బట్టి ఎంతో మారుతుంది: జూన్ నెలలో మాడ్రిడ్‌లో రాత్రి తొమ్మిదిన్నర దాటాక గాని సూర్యుడు అస్తమించడు, డిసెంబరులో కోపెన్‌హేగన్‌లో సాయంత్రం నాలుగు కాకముందే చీకటి పడుతుంది.

తమలో తాము సరిహద్దు తనిఖీలు ఎత్తివేసుకున్న షెంగెన్ దేశాలకు వెళ్లేవారు గుర్తుంచుకోవలసిన సంగతి ఒకటుంది. సరిహద్దు తనిఖీ చివరి గమ్యంలో జరగదు, ఆ దేశాల కూటమిలో మొదట అడుగు పెట్టిన విమానాశ్రయంలోనే జరుగుతుంది. ఫ్రాంక్‌ఫర్ట్‌లో విమానం మారి ప్రేగ్ వెళ్లేవారికి ఫ్రాంక్‌ఫర్ట్‌లోనే పాస్‌పోర్టు చూస్తారు; ప్రేగ్‌లో దిగినప్పుడు అది దేశీయ ప్రయాణంలాగే ముగుస్తుంది. పాస్‌పోర్టుపై ముద్ర వేయడానికి బదులు వేలిముద్రలను, ముఖచిత్రాన్ని కంప్యూటర్‌లో నమోదు చేసే విధానం 2025 అక్టోబరు 12న మొదలైంది కనుక, విమానం మారడానికి మధ్యలో తగినంత వ్యవధి ఉంచుకోవాలి. బస రిజర్వేషను, తిరుగు ప్రయాణపు టికెట్, బీమా కాగితాలు చేతికందేలా ఉంటే అధికారి అడిగినప్పుడు తడుముకోనక్కరలేదు.

డబ్బు విషయంలో రెండు జాగ్రత్తలు చాలు. మొదటిది, చేరే దేశంలో ఏ నాణెం చెల్లుతుందో తెలుసుకోవడం. చెక్ దేశంలో కొరునా, హంగరీలో ఫోరింట్, పోలండ్‌లో జ్లోటీ, డెన్మార్క్‌లో క్రోన్, స్విట్జర్లాండ్‌లో ఫ్రాంక్ నడుస్తాయి గాని యూరో కాదు. రెండోది మరింత ముఖ్యం. ఏటీఎం గాని, దుకాణంలోని కార్డు యంత్రం గాని, మొత్తాన్ని మీ దేశపు కరెన్సీలోకి మార్చి చూపించమంటారా అని మర్యాదగా అడిగినప్పుడు, వద్దని చెప్పి స్థానిక కరెన్సీనే ఎంచుకోవాలి. ఆ మర్యాద వెనుక యంత్రం నడిపేవారికి లాభించే మారకపు రేటు ఉంటుంది. పర్యాటకులు గుమిగూడే వీధుల్లో ఒంటరిగా గోడకు అమర్చిన ఏటీఎం కంటే బ్యాంకు శాఖకు ఆనుకొని ఉన్నదే నయం. నోట్లు మార్చుకునే అంగళ్లలో, రుసుము లేదన్న పెద్ద అక్షరాల కంటే చేతికి ఎంత వస్తుందన్న లెక్క ముఖ్యం. చెక్ దేశంలో 2019 నుంచి అమలులో ఉన్న నిబంధన ప్రకారం, అటువంటి అంగడిలో నష్టపోయానని గ్రహించినవారు మూడు గంటలలోగా రసీదుతో తిరిగి వెళ్లి ఆ మారకాన్ని రద్దు చేసుకోవచ్చు. ఐరోపా యూనియన్‌లోని ఒక దేశంలో కొన్న సిమ్ సాధారణంగా మిగతా సభ్యదేశాల్లోనూ పని చేస్తుంది; ఆ యూనియన్‌లో లేని స్విట్జర్లాండ్, బ్రిటన్ సంగతి మాత్రం కొనేముందే విడిగా అడిగి తెలుసుకోవాలి.

విమానాశ్రయం నుంచి ఊరిలోకి వెళ్లడానికి చాలా చోట్ల ఒకటి కంటే ఎక్కువ మార్గాలు ఉంటాయి. వాటిలో కళ్లకు కొట్టొచ్చినట్టు కనిపించే ప్రకటన ఎక్కువ ఖరీదైన మార్గానిదే అయి ఉంటుంది. వియన్నాలో మధ్యలో ఎక్కడా ఆగకుండా నడిచే ప్రత్యేక రైలు ఒకటుంది, దానికి నగర రవాణా టికెట్ చెల్లదు. ఎస్7 అనే లోకల్ రైలు మరికొన్ని నిమిషాలు ఎక్కువ తీసుకున్నా చాలా చవకగా అదే చోటికి చేరుస్తుంది. బుడాపెస్ట్‌లో విమానాశ్రయం నుంచి నడిబొడ్డుకు వెళ్లే 100ఇ బస్సుకు మామూలు టికెట్ పనికిరాదు, ప్రత్యేక టికెట్ కొనాలి. పారిస్‌లోని ఓర్లీ విమానాశ్రయం దాకా మెట్రో 14వ లైను 2024 జూన్‌లో వచ్చింది కాబట్టి, అంతకుముందు అచ్చయిన మార్గదర్శక పుస్తకాల్లోని సలహాలు ఇప్పుడు పనికిరావు. అలసట ఎక్కువగా ఉంటే, అర్ధరాత్రి దిగితే, టాక్సీ ఎక్కడంలో తప్పేమీ లేదు. అయితే లోపలి హాలులోకే వచ్చి టాక్సీ కావాలా అని పలకరించేవారిని వదిలిపెట్టి, బయట అధికారికంగా కేటాయించిన వరుసలో నిలబడాలి. పారిస్, రోమ్ వంటి నగరాల్లో విమానాశ్రయం నుంచి నిర్ణీత ప్రాంతాలకు ప్రభుత్వమే ఒకే రుసుము నిర్ణయించింది కనుక, అక్కడ బేరానికి గాని మీటరు వివాదానికి గాని తావుండకూడదు.

టికెట్ కొన్నంత మాత్రాన పని పూర్తి కాదు. వియన్నా, బెర్లిన్, ప్రేగ్ వంటి నగరాల మెట్రో స్టేషన్లలో దారికి అడ్డంగా గేట్లు ఉండవు. ఎవరూ ఆపకపోవడం చూసి ఉచితమని భ్రమపడే అవకాశముంది. అక్కడ కాగితపు టికెట్‌ను మెట్ల దగ్గరో, ప్లాట్‌ఫారం మీదో, ట్రామ్ లోపలో ఉండే చిన్న యంత్రంలో పెట్టి సమయం ముద్ర వేయించుకోవాలి, ఆ ముద్ర పడిన క్షణం నుంచే టికెట్ గడువు లెక్కకు వస్తుంది. ముద్ర లేని టికెట్ జేబులో ఉన్నా తనిఖీ అధికారి దృష్టిలో అది లేనట్టే, కొత్తవాడినన్న మాట జరిమానాను తగ్గించదు. ఇటలీలో ప్రాంతీయ రైళ్ల కాగితపు టికెట్లకూ ఇదే నియమం వర్తిస్తుంది. పారిస్‌లో దీనికి భిన్నంగా గేట్లు ఉంటాయి గాని, లోపలికి వెళ్లాక టికెట్ పారేయకూడదు. బయటికి వచ్చేదాకా అది చేతిలో ఉండాలి.

ఇక చిరునామా చదవడం గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే స్టాపులో దిగిన తరువాత చివరి అరకిలోమీటరులోనే ఒంటరి ప్రయాణికులు ఎక్కువగా తికమకపడతారు, సామాను ఈడ్చుకుంటూ ఒకే వీధిలో రెండుసార్లు తిరుగుతారు. ఐరోపాలో ప్రతి నగరానికి ఇళ్ల సంఖ్యల విషయంలో తనదైన లెక్క ఉంది, ఆ లెక్క పట్టుబడితే పటం అవసరమే ఉండదు. పారిస్‌లో 1805 నాటి ఆదేశం ప్రకారం, సేన్ నదికి అడ్డంగా పోయే వీధుల్లో సంఖ్యలు నది దగ్గర మొదలై దూరం పోయేకొద్దీ పెరుగుతాయి; నదికి సమాంతరంగా ఉన్న వీధుల్లో నీటి ప్రవాహం దిశలో పెరుగుతాయి; ఆ పెరిగే దిశకు ముఖం పెట్టి నిలబడితే సరిసంఖ్యలు కుడివైపు, బేసిసంఖ్యలు ఎడమవైపు ఉంటాయి. అంటే నదికి అడ్డంగా పోయే వీధిలో రెండు తలుపుల మీది సంఖ్యలు చూస్తే చాలు, నది ఎటువైపు ఉందో తెలిసిపోతుంది. ఆ నగరంలోని 20 విభాగాలు నడిబొడ్డు నుంచి గడియారం ముల్లు తిరిగే దిశలో నత్తగుల్ల చుట్టలాగా విస్తరించాయి, పిన్‌కోడ్‌లోని చివరి రెండు అంకెలు విభాగం సంఖ్యను చెబుతాయి; 75005 అంటే ఐదో విభాగం. వియన్నాలో 23 విభాగాలు ఉన్నాయి. పిన్‌కోడ్‌లో మధ్య రెండు అంకెలు విభాగాన్ని తెలుపుతాయి, 1070 అంటే ఏడో విభాగం. అక్కడి వీధి బోర్డులపై వీధి పేరుకు ముందు విభాగం సంఖ్య కూడా రాసి ఉంటుంది కనుక, ఒకటి నుంచి తొమ్మిది లోపు సంఖ్య కనిపిస్తే నడిబొడ్డుకు దగ్గరలో ఉన్నట్టు, పది గాని ఆపై సంఖ్య గాని కనిపిస్తే దాదాపుగా దూరం జరిగినట్టు లెక్క.

ప్రేగ్‌లో ఒక్కో తలుపు పక్కన రెండు పలకలు ఉంటాయి. ఎర్ర పలక మీది సంఖ్య ఆ ప్రాంతపు ఇళ్ల జాబితాలో ఆ ఇంటిది, పక్కింటి సంఖ్యతో దానికి పొంతన ఉండకపోవచ్చు. నీలి పలక మీదిది వీధిలో వరుసను తెలిపే సంఖ్య. చిరునామాలో గీతకు ముందున్నది ఎర్రది, తరువాతిది నీలిది. మొదటిసారి వెళ్లినప్పుడు ఈ భేదం తెలియక నేను ఎర్ర పలకలనే వరుసగా చదువుకుంటూ ఒక వీధి మొత్తం నడిచి, చివరికి మొదట దాటివచ్చిన తలుపు దగ్గరికే తిరిగి వెళ్లాను. ఫ్లారెన్స్‌లో రంగుల అర్థం వేరు. అక్కడ ఎర్ర సంఖ్యలు దుకాణాలవి, నలుపు లేదా నీలం సంఖ్యలు నివాసాలవి, రెండూ విడివిడిగా లెక్కింపులో ఉంటాయి కాబట్టి ఒకే వీధిలో ఒకే సంఖ్య రెండు చోట్ల కనిపించవచ్చు. బెర్లిన్‌లోని కొన్ని పాత వీధుల్లో సంఖ్యలు ఒకవైపు చివరిదాకా పెరుగుతూ పోయి, అవతలివైపు నుంచి గుర్రపు లాడం ఆకారంలో వెనక్కి వస్తాయి. ఎదురుగా ఉన్న ఇంటి సంఖ్యకూ ఇవతలి ఇంటి సంఖ్యకూ సంబంధమే ఉండదు. వెనిస్‌లోనైతే సంఖ్య వీధికి కాదు, ఆరు విభాగాల్లో ఒకదానికి చెందుతుంది. కాస్తెల్లో విభాగంలో ఆ సంఖ్య ఆరు వేలు దాటుతుంది, అందుచేత అక్కడ ఇంటి సంఖ్య మాత్రమే చేతిలో పెట్టుకుని వెళ్లకూడదు, దగ్గరలోని వంతెననో, చర్చినో, పడవ స్టాపునో ముందే అడిగి రాసుకోవాలి.

బస చేరాక గది సిద్ధంగా లేదన్న మాట వినడానికి మానసికంగా సిద్ధపడి ఉండాలి, ఎందుకంటే గదులు సాధారణంగా మధ్యాహ్నం రెండు మూడు గంటల తరువాతే ఇస్తారు. సామాను అక్కడే దాచిపెట్టమంటే చాలా చోట్ల ఒప్పుకుంటారు. ఒప్పుకోకపోతే పెద్ద రైల్వే స్టేషన్లలో లాకర్లు ఉంటాయి. మనుషులెవరూ లేకుండా కోడ్‌తో తలుపు తెరుచుకునే బసలు ఇటీవల పెరిగాయి. అటువంటి చోట వీధి తలుపు కోడ్, లోపలి తలుపు కోడ్ రెండూ కాగితంపై ఉండాలి, వాటిని పంపిన సందేశం ఇంటర్నెట్ లేని క్షణంలో తెరుచుకోకపోవచ్చు. చాలా నగరాల్లో గది అద్దెకు అదనంగా పర్యాటక పన్ను ఉంటుంది. ఆమ్‌స్టర్‌డామ్‌లో 2024 నుంచి అది గది ధరలో 12.5 శాతం. అది ముందే చెల్లించిన మొత్తంలో కలిసి ఉందో లేదో అడగాలి. ఇటలీలో బసవారు అతిథుల వివరాలను పోలీసులకు తెలియజేయాలన్న చట్టం ఉంది కాబట్టి, పాస్‌పోర్టు అడిగినప్పుడు అనుమానించనక్కరలేదు, నమోదు చేసుకున్నాక వెనక్కి తీసుకుంటే సరిపోతుంది. పడుకోవాలనిపించినా అరగంటకు మించి పడుకోకుండా, వెలుగున్నంతసేపు బయట తిరిగితే కొత్త గడియారానికి శరీరం త్వరగా అలవాటు పడుతుంది.

బయటికి అడుగుపెట్టగానే వెనక్కి తిరిగి, తిరిగి వచ్చేటప్పుడు కనిపించబోయే దిశ నుంచి బస తలుపును ఒకసారి చూసుకోవాలి. ప్రతి మలుపు దగ్గర ఇదే పని చేయాలి. వెళ్లేటప్పుడు చూసిన వీధి, వచ్చేటప్పుడు చూసే వీధి కళ్లకు ఒకటిగా కనిపించవు. మూలమీద ఉన్న దుకాణం బోర్డు రాత్రి మూసేశాక మారిపోతుంది గనుక, విగ్రహం, గోపురం, ట్రామ్ పట్టాలు కలిసే చోటు వంటి స్థిరమైన గుర్తులను పట్టుకోవాలి.

దిక్కు తెలుసుకోవడానికి ఐరోపా నగరాల్లో మూడు సహాయాలు ఉన్నాయి. మొదటిది నది. బుడాపెస్ట్‌లో డాన్యూబ్ ఉత్తరం నుంచి దక్షిణానికి ప్రవహిస్తుంది, కొండలున్న బుడా పడమటి ఒడ్డు, చదునైన పెస్ట్ తూర్పు ఒడ్డు. ప్రేగ్‌లో వల్తావా దక్షిణం నుంచి ఉత్తరానికి పోతుంది, కోట పడమటి ఒడ్డున ఎత్తుమీద ఉంటుంది. ఎడమ ఒడ్డు, కుడి ఒడ్డు అన్న మాటలు ప్రవాహం వెళ్లే వైపు ముఖం పెట్టి నిలబడినవారి ఎడమ కుడులే. రెండోది పాత చర్చి. మధ్యయుగాల చర్చిలలో ఎక్కువ వాటికి బలిపీఠం తూర్పున, ముఖద్వారం పడమటన ఉంటాయి. వియన్నాలోని సెయింట్ స్టీఫెన్ కెథీడ్రల్, పారిస్‌లోని నోత్రదామ్, కొలోన్ కెథీడ్రల్ ఈ పద్ధతిలోనే ఉన్నాయి. మబ్బు పట్టిన రోజున సూర్యుడు చెప్పని దిక్కును చర్చి తలుపు చెబుతుంది. అందరికీ తెలిసిన సెయింట్ పీటర్స్ బసిలికా ముఖం మాత్రం తూర్పుకే ఉందన్న సంగతి రోమ్‌లో మరచిపోకూడదు. మూడోది పాత కోటగోడల ఆనవాలు. 1857లో చక్రవర్తి ఫ్రాంజ్ జోసెఫ్ ఆజ్ఞతో వియన్నా గోడలు కూల్చివేయగా, ఆ స్థలంలో వచ్చిన రింగ్‌స్ట్రాసే రహదారి 1865లో ప్రారంభమైంది. పోలండ్‌లోని క్రాకోవ్‌లో గోడల స్థానంలో ప్లాంటీ అనే ఉద్యానవనం పాతనగరాన్ని చుట్టి ఉంటుంది. అటువంటి వలయం ఉన్న చోట మొదటి సాయంత్రం దానివెంట తీరికగా నడిస్తే, లోపల ఏ సందులో తప్పిపోయినా ఏదో ఒక దిక్కున నేరుగా పోతే మళ్లీ తెలిసిన వలయానికే చేరతామన్న ధైర్యం కలుగుతుంది.

నడకలో నీళ్ల సీసా వెంట ఉండాలి గాని దాన్ని కొంటూ ఉండనక్కరలేదు. పారిస్ వీధుల్లో ఆకుపచ్చని వాలెస్ ఫౌంటెన్లు 1872లో, ఆల్ప్స్ ఊటనీటిని వియన్నాకు చేర్చే మొదటి గొట్టపుమార్గం 1873లో, రోమ్‌లో నాసోని అని పిలిచే వీధి కుళాయిలు 1874లో వచ్చాయి. మూడింటి నీళ్లూ నేటికీ తాగవచ్చు. భోజనం వేళలు ఊరిని బట్టి మారతాయి. ఫ్రాన్స్‌లో చాలా భోజనశాలలు మధ్యాహ్నం రెండు దాటాక మూసి సాయంత్రం ఏడు గంటలకు తెరుస్తారు. స్పెయిన్‌లో రాత్రి భోజనం సాధారణంగా తొమ్మిదికి ముందు మొదలుకాదు. లిస్బన్‌లో కూర్చోగానే బల్లమీద పెట్టే రొట్టె, ఆలివ్‌లు, జున్ను ఉచితం కావు, వద్దనుకుంటే ముట్టకుండా పక్కకు జరిపితే బిల్లులో రావు. ఇటలీలో కాఫీ నిలబడి తాగితే ఒక ధర, కూర్చుని తాగితే తరచుగా మరో ధర. ఒంటరిగా భోజనం చేయడానికి మొహమాటపడేవారికి వియన్నా కాఫీ హౌసులు సరైన చోటు. ఒక కాఫీ, దానితో వచ్చే గ్లాసెడు నీళ్లతో ఎంతసేపు కూర్చున్నా లేవమనేవారుండరు. ఫ్రాన్స్‌లో ఏ దుకాణంలో అడుగుపెట్టినా ముందు బోంజూర్ అని పలకరించి తరువాతే కావలసింది అడగాలి. ఈ ఒక్క మాట మరచిపోయినందుకే చాలామంది అక్కడివారిని ముభావులని తప్పుగా అనుకుంటారు.

దొంగల విషయంలో భయం అక్కరలేదు గాని మెలకువ కావాలి, ఒంటరిగా ఉన్నవారి వెనుక చూసే కళ్లు మరో జత ఉండవు. లిస్బన్‌లో 28వ నంబరు ట్రామ్ వంటి కిక్కిరిసిన వాహనాల్లో సంచీని ఛాతీవైపు తిప్పుకోవాలి, మెట్రో తలుపు పక్కన నిలబడి ఫోను చూడకూడదు, ఎందుకంటే తలుపులు మూసుకునే క్షణంలోనే దాన్ని లాక్కుని దూకుతారు. సంతకం చేయమంటూ అట్ట చాపేవారు, చేతికి దారం కట్టబోయేవారు, నేలమీద ఉంగరం దొరికిందని చూపించేవారు, మామూలు దుస్తుల్లో వచ్చి పోలీసులమని పర్సు చూపమనేవారు ఎదురైతే ఆగకుండా నడవడమే సమాధానం. పాస్‌పోర్టు, ఒక కార్డు గదిలోనో లోపలి జేబులోనో, రెండో కార్డు, ఆ రోజుకు సరిపడే నగదు వేరే చోట ఉంచుకుంటే ఒక జేబు పోయినా ప్రయాణం ఆగదు. ఐరోపా యూనియన్ దేశాలన్నింటిలోనూ అత్యవసర సహాయానికి 112 ఉచితంగా పని చేస్తుంది.

చీకటి పడకముందే కొన్ని చిన్న పనులు ముగించుకోవాలి. మరునాడు ఆదివారమైతే, జర్మనీ, ఆస్ట్రియా దేశాల్లో పెద్ద స్టేషన్ల లోపలివి తప్ప దాదాపు అన్ని దుకాణాలూ మూతపడతాయి కాబట్టి, ఉదయానికి కావలసిన రొట్టె, పాలు, పండ్లు ముందురోజే కొనాలి. చూడదలచిన ప్రదర్శనశాల మరునాడు తెరిచి ఉంటుందో లేదో చూసుకోవాలి. లూవ్ర్ మంగళవారం, అదే పారిస్‌లోని ఓర్సే సోమవారం మూసి ఉంటాయి. ఆ తరువాత ఫోనును జేబులో పెట్టి, నడిబొడ్డు నుంచి బసకు నడవాలి. ఒక మలుపు తప్పితే ముందుకు సాగకుండా, చివరిగా గుర్తుపట్టిన విగ్రహం దగ్గరికో వంతెన దగ్గరికో వెనక్కి వచ్చి మళ్లీ మొదలుపెట్టాలి. తలుపు దగ్గరికి చేరాక, దారిలో తడబడిన చోటు ఏదో, బయలుదేరకముందు చిరునామా రాసుకున్న ఆ కాగితం వెనుకవైపు రాసిపెట్టుకుంటే, మరునాడు రాత్రి ఆలస్యంగా వచ్చినప్పుడు ఆ ఒక్క మలుపు దగ్గర జాగ్రత్తగా ఉంటే సరిపోతుంది.